ఆమె పలికిన ఆమెన్

తొంభైల్లో ఢిల్లీలోని ఒక క్రైస్తవ వేదాంత కళాశాలలో పాస్టరు చదువు చదివేవాణ్ణి. ఒక ఉదయం మా చాప్లిన్, అంటే కళాశాల పాస్టరు గారు, పిలిపించారు. లారీ గుద్ది మిలటరీ ఆసుపత్రిలో ఉన్న గుంటూరు జవాను తెల్లవారుజామున పోయాడట. అతని భార్యకు తెలుగే తప్ప సరిగా ఏదీ రాదు. తెలుగువాణ్ణి ఎవరినైనా పంపమని అతని యూనిట్ వాళ్ళు అడిగారని, ఆమెకు కబురు చెప్పే పని నాకు అప్పగించారు.

కంటోన్మెంట్ క్వార్టర్‌లో ఆమె చేతిలో బైబిలుతో వచ్చిన నన్ను చూసి సంతోషించింది.

"డాక్టర్ సాబ్ నిన్న ఠీక్ హో జాయేగా, బాగైపోతాడు అన్నాడు బ్రదర్. ముందు ప్రార్థన చెయ్యండి, ఆయన లేచి నడవాలని" అంటూ తలపై కొంగు కప్పుకుని మోకరించింది.

ఏ ఇంటికి వెళ్ళినా ముందు ప్రార్థన, తర్వాతే మాట. మాకు అదే అలవాటు. కళ్ళు మూసుకుని, ఆయన్ను స్వస్థపరచమని వేడుకున్నాను. ఆమె గట్టిగా "ఆమెన్" అంది.

అప్పుడు చెప్పాను.

ఆమె ఏడవలేదు. తలమీది కొంగు తీసేసింది.

"ప్రార్థన చేసేటప్పుడు మీకు తెలుసా?"

"తెలుసు అక్కా."

"మరి నాచేత ఆమెన్ ఎందుకు అనిపించారు?"

ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్ళినా, చెప్పవలసింది చెప్పాకే కళ్ళు మూసుకుంటున్నాను.