లేని టాకీసు వెనక సందు

సుల్తానాబాద్‌లో మాది జిరాక్స్ షాపు. దరఖాస్తులు నింపడం, ఫోటోలు అంటించడం, సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించడం నా పని. ఎవరెవరో రాసి పంపిన అర్థం కాని కాగితాలను పదహారేళ్లుగా నలుగురికీ విడమరచి చెప్తున్నాను. అందుకే సరిగ్గా రాయనివాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ ప్రయాణంలో నేను చాలామందిని తిట్టాను.

ప్రయాణం నిజానికి షహనాజ్‌ది. మా వెనక వీధిలో ఉంటుంది, బడి యూనిఫారాలు, లంగాలు కుట్టి ఇస్తుంది. ఒక నెల పని ఉంటుంది, ఒక నెల ఉండదు. ఆడవాళ్లకు కుట్టుపని నేర్పే సంస్థ ఒకటి మా ఊళ్లోనే కేంద్రం తెరుస్తోందని, నేర్పడానికి మనిషి కావాలని తెలిసి ఆమె దరఖాస్తు నేనే నింపాను. నెలనెలా జీతం, ఇంటి నుంచి నడిచి వెళ్లే దూరం. ఇద్దరు పిల్లలను పెట్టుకుని ఇలాంటి పని కోసం ఆమె నాలుగేళ్లుగా ఎదురుచూస్తోంది.

జవాబుగా వచ్చిన ఉత్తరంలో రెండే వాక్యాలు. గురువారం మధ్యాహ్నం సంబంధిత పత్రములతో హాజరు కావలెను. చిరునామా, టాకీసు వెనక సందు, ఆదిలాబాద్. మధ్యాహ్నం అంటే పన్నెండా, మూడా? సంబంధిత పత్రాలంటే ఏవి? కింద ఉన్న ఫోన్ నంబరుకు పది సార్లు చేస్తే పది సార్లూ మోగి ఆగిపోయింది. నువ్వు ఒక్కదానివే వెళ్తే అక్కడే తిరుగుతూ ఉంటావని చెప్పి నేనూ బయలుదేరాను. ముందు రోజు రాత్రి ఆమె కాగితాలన్నీ జిరాక్సులు తీసి, అసలువీ జిరాక్సులూ ఒక ఫైలులో వరసగా పెట్టి, ఒక్కో దానికి పసుపు చీటీ కూడా అంటించాను.

ఉదయం ఐదుంబావుకు సుల్తానాబాద్‌లో బస్సెక్కి ఆరు దాటాక కరీంనగర్‌లో దిగాం. ఆదిలాబాద్‌కు రెండు దారులున్నాయి. ఒకటి మేం వెళ్లాలనుకున్న జగిత్యాల, నిర్మల్ మీదుగా, ఇంకొకటి మంచిర్యాల, ఉట్నూరు మీదుగా. బస్సుల మీద మాత్రం ఆదిలాబాద్ అనే పెద్దక్షరాలు తప్ప మరో ముక్క లేదు. మైకులో ఆదిలాబాద్ అన్న మాట వినబడింది, దాని ముందూ వెనకా అంతా గరగర. నేను విసుక్కుంటుంటే పక్కన తలపాగా చుట్టుకున్న ముసలాయన నవ్వాడు. కోరుట్లలో కూతురింటికి వెళ్తున్నాడట.

"బోర్డు జూసి ఎక్కితె ఆగమైతవ్ బిడ్డా. నేను డ్రైవర్ మొకం జూసి ఎక్కుత. గా బుర్రమీసాలాయన జగిత్యాల దిక్కే పోతడు."

బుర్రమీసాలాయన బస్సే ఎక్కాం. ఆరూ నలభైకి కదిలింది. ఆధార్ కార్డులు చూపించి ఇద్దరం ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్లు తీసుకున్నాం. ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట, కిటికీ పక్కన ఎడమ వైపు కూర్చోండి, ఎండ తగలదు. మెట్‌పల్లి దాటేసరికి తొమ్మిదయింది. ఆర్మూరులో బస్సు పెద్ద రోడ్డెక్కింది. సోన్ దగ్గర గోదావరి మీదుగా వెళ్తుంటే షహనాజ్ దుపట్టా తల మీదికి లాక్కుని పెదవులు కదిపింది. ఏం మొక్కుకున్నావని అడగలేదు, అడగాల్సిన పని లేదు.

నిర్మల్‌లో పది నిమిషాలు ఆపారు. స్త్రీల మరుగుదొడ్డి అని రాసిన బోర్డు, దాని కింద బాణం గుర్తు. ఆ బాణం చూపిన వైపు నేరుగా వెళ్తే ఒక గోడ తగిలింది. మరుగుదొడ్డి బాణానికి వెనక వైపు ఉంది. ఆ బాణం గీసినవాడి గురించి నేను అన్న మాటలకు చాయ్ అమ్మే ఆమె కూడా నవ్వింది. షహనాజ్ మాత్రం నా చేతిలో చాయ్ గ్లాసు పెట్టి, జర తాగి మాట్లాడు అక్కా అంది.

ఘాటెక్కి దిగి, ఇచ్చోడ దాటి, ఒంటిగంటకు పది నిమిషాల ముందు ఆదిలాబాద్ చేరాం. అక్కడ మొదలైంది అసలు కథ. ఆటోవాళ్లలో ఇద్దరు ఏ టాకీసు అని ఎదురు అడిగారు. మూడో అతను తెలుసని ఎక్కించుకుని, ఒక చౌరస్తాలో దింపి, ఇదే టాకీసు అని వెళ్లిపోయాడు. తలెత్తి చూస్తే మూడంతస్తుల బట్టల దుకాణం.

పాన్ డబ్బా ఆయన్ని అడిగాను. టాకీసు కూలగొట్టి చాలా ఏళ్లయింది, అయినా ఊరంతా ఆ చోటును టాకీసు అనే అంటారని చెప్పాడు. మరి వెనక సందు ఎటు అంటే, "సీదా పోండ్రి" అన్నాడు. సీదాగా వెళ్తే రోడ్డు చీలింది. అక్కడ అరటిపళ్ల ఆమె కూడా సీదా అనే అంది, చెయ్యి మాత్రం కుడివైపు చూపించింది. మా వైపు సీదా అంటే వంకర లేకుండా అని కాదు, ధైర్యంగా వెళ్లు అని. ఈ ముక్క ఆ ఎండలో మూడోసారి వెనక్కి తిరిగి వచ్చాక నాకు బోధపడింది.

బట్టల దుకాణం ముందు అదే ఉత్తరం పట్టుకుని ఇంకొకామె నిలబడి ఉంది. పేరు సుమన్‌బాయి, ఇంద్రవెల్లి దగ్గరి ఊరు. ఆమె ఇంట్లో మరాఠీ మాట్లాడతారట. వాళ్ల వైపు పెట్టే కేంద్రంలో నేర్పే పని కోసం వచ్చింది. చదువు తక్కువ, కుట్టు మాత్రం చిన్నప్పటి నుంచీ వచ్చు. పొద్దున తొమ్మిది నుంచి వెతుకుతోందట. ముగ్గురం కలిసి దుకాణం వెనకకు వెళ్లి, ట్రాన్స్‌ఫార్మర్ పక్కనుంచి దూరి, రెండూ నలభైకి ఆ సందు పట్టుకున్నాం. గేటుకు బోర్డు లేదు. లోపల కుట్టు మిషన్ల చప్పుడు విని పోల్చుకున్నాం.

మెట్ల మీద కూర్చుని షహనాజ్ తెచ్చిన రొట్టెలు, గుడ్డు వేపుడు తిన్నాం. మూడింటికి పిలిచారు. బల్ల వెనక కళ్లద్దాల మేడమ్ ఒక్కతే ఉంది. కుట్టు కోర్సు సర్టిఫికెట్ అసలు కాపీ ఇమ్మంది. నేను గర్వంగా ఫైలు తెరిచాను. పసుపు చీటీ ఉంది, దాని కింద జిరాక్స్ ఉంది, అసలుది లేదు. ఫైలంతా రెండుసార్లు తిరగేశాను. మూడోసారి తిరగేస్తుంటే గుర్తొచ్చింది. రాత్రి చివరగా తీసిన కాగితం అదే.

షాపులో ఉన్న మా ఆయనకు ఫోన్ చేసి, మిషన్ మూత ఎత్తి చూడమన్నాను.

"ఉన్నది," అన్నాడు. "అద్దం మీద బోర్ల పడుకోని ఉన్నది."

జిరాక్స్ షాపులో అసలు కాగితం మిషన్లోనే మర్చిపోయి వెళ్లేవాళ్లను నేను ఎన్నిసార్లు కసిరి ఉంటానో లెక్క లేదు. ఆ రోజు మర్చిపోయింది నేను. కాగితం నాది కాదు, నన్ను నమ్మి నాలుగేళ్లు ఎదురుచూసిన మనిషిది. షహనాజ్ ముఖం తెల్లబోయింది. ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుపు వస్తే నాకు నోరు లేస్తుంది.

"మీ ఉత్తరంల ఒరిజినల్ అని ఏడ రాసిన్రు మేడమ్?" అన్నాను. "సంబంధిత పత్రములు అన్నరు. జిరాక్స్ గూడ పత్రమే గద."

పొద్దుటి నుంచి ఏ వాక్యాన్ని పట్టుకుని బండబూతులు తిట్టానో ఆ వాక్యాన్నే ఇప్పుడు గట్టిగా పట్టుకుని వేలాడాను. మేడమ్ ఉత్తరం తీసుకుని చదివింది. రెండోసారి చదివింది. ఇది రాసింది తానేనని ఒప్పుకుని నవ్వేసింది. కాగితం సంగతి సోమవారం చూద్దాం, ముందు పని చూపించమని పాత వార్తాపత్రిక, కత్తెర ఇచ్చింది. షహనాజ్ జాకెట్టు ముక్కలు కత్తిరించింది. ఒక్క గీత తప్పలేదు. మేడమ్ ముక్కలు కలిపి చూసింది.

"చెయ్యి మంచిగున్నది. నేర్పుడు వస్తదా మరి? ఈడికొచ్చిన సంది ఒక్క మాట మాట్లాడలే."

షహనాజ్ తల దించుకుంది. వస్తది మేడమ్ అని నేనే చెప్పాను, చెప్పాక నాకే అనుమానం వచ్చింది. మూడు నెలలు పెట్టి చూస్తామని, నేర్పలేకపోతే వేరే మనిషిని తీసుకుంటామని మేడమ్ అంది. సుమన్‌బాయి పని కూడా చూసి, ఆమెకీ అదే మాట చెప్పి, ఇద్దరికీ సోమవారం నిర్మల్‌లో సమావేశం అని చీటీ ఇచ్చింది. ఊరి బస్సు పోతుందని సుమన్‌బాయి షహనాజ్ నంబరు తీసుకుని పరుగెత్తింది. నేను మాత్రం ఆ చీటీ బల్ల మీద పెట్టి, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఏ కాగితాలు అని ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నాకే లేచాను.

నాలుగున్నర బస్సు దొరికింది. బస్సులో షహనాజ్‌కు తప్పు నాదేనని చెప్పాను. పరేషాన్ గాకు అక్కా, నువ్వు పొద్దటి సంది అందర్నీ తిట్టినవ్, నన్నొక్కదాన్నే తిట్టలే అంది. ఇద్దరం నవ్వుకున్నాం. కానీ మూడు నెలల మాట ఇద్దరం మర్చిపోలేదు.

ఘాటు దిగుతుండగా సుమన్‌బాయి షహనాజ్‌కు ఫోన్ చేసింది. సోమవారం సంగతి ఆమెకేమీ సమజ్ కాలేదట. అలవాటుగా ఫోన్ కోసం చెయ్యి చాచాను. షహనాజ్ నా చేతిని చూడలేదు, ఫోన్ చెవిన పెట్టుకునే కిటికీ వైపు తిరిగింది.

"రాసుకోనీకి పెన్ను లేదా? ఫికర్ లేదు, చెయ్యి ముందల పెట్టుకో. నాలుగే ముచ్చట్లు. బొటనవేలు పట్టుకో, సోమవారం పొద్దుగాల పది గంటలు. పట్టుకున్నవా? దాని పక్క వేలు, బస్టాండు బయటికొచ్చి ఎడమచేతి దిక్కు మందుల దుకాణం, దాని పక్కన పచ్చ గేటు. నడిమి వేలు, అసలు కాగితాలు. ఉంగరం వేలు, రెండు ఫోటోలు. అయిపాయె. గిప్పుడు ఒక్కొక్క వేలు పట్టుకోని నువ్వు నాకు చెప్పు."

అవతల సుమన్‌బాయి గట్టిగా అప్పజెప్పడం నాకూ వినబడింది. నడిమి వేలు దగ్గర జిరాక్సులు అంది. షహనాజ్ విసుక్కోలేదు, నవ్వలేదు, ఆ వేలు దగ్గరి నుంచి మళ్లీ మొదలుపెట్టింది. పదహారేళ్లలో నేను కొన్ని వేలమందికి చెప్పి ఉంటాను. ఒక్కరిని కూడా, ఇప్పుడు నువ్వు నాకు చెప్పు అని అడగలేదు. చాచిన చెయ్యి ఒళ్లోకి తీసుకుని, నిర్మల్ వచ్చేదాకా ఆమె చెప్తుంటే వింటూ కూర్చున్నాను.