ఆరు జేబుల నిక్కరు

తెల్లవారగానే దర్జీ పిన్ని ఈతకొలనులో దిగుతుంది. ఈత దుస్తుల మీద తనే కుట్టుకున్న వదులు నిక్కరు, దానికి నోళ్లు తెరుచుకున్న ఆరు జేబులు. ఈదుతుంటే అవి నీళ్లు మింగి ఉబ్బి ఆమెను వెనక్కి లాగుతాయి. ఈత తేలికైందనిపిస్తే చాలు, ఆ సాయంత్రమే ఇంకో జేబు కుట్టేస్తుంది. ఆమెకు యాభై రెండేళ్లు.

మొన్న ఈత మాస్టారు పోటీ జాబితాలో ఆమె పేరు కొట్టేశాడు. “ఈ వయసులో మీకెందుకమ్మా ఈ తంటా?”

“నాతో ఒక్కసారి ఈదండి, అప్పుడు కొట్టేద్దురుగాని,” అని నిక్కరుతోనే దూకింది. జానెడు తేడాతో ఓడిపోయింది. గట్టెక్కి, రొప్పుతూనే నిక్కరు విప్పి, నీళ్లోడుతున్నదాన్ని అలాగే ఆయన చేతుల్లో పెట్టింది.

“మీకు కాస్త వదులవుతుంది, నాడా బిగించుకోండి మాస్టారూ. ఈసారి మీరు తొడుక్కుని రండి.”