కళ్ళు తెరవని రాయి

2019. దోహా వెస్ట్ బేలో ఒక గ్యాలరీ. ఊరంతా ప్రపంచకప్పు హడావుడి, మా దగ్గరా ఏ పనికైనా యల్లా యల్లా అనే తొందరే. నేను కండిషన్ రిపోర్ట్ రాసేవాణ్ణి. అంటే పెట్టె తెరవగానే కళాఖండం మీది ప్రతి గీతా, ప్రతి మచ్చా నమోదు చేయాలి. ఒక్కటి తప్పిందేమోనని పదిసార్లు వెనక్కి వెళ్ళి చూసుకునే రకం నేను.

ఆ రోజు అమెరికా నుంచి ఒక రాతి తల వచ్చింది. నల్లజాతివాళ్ళు పౌరహక్కుల కోసం వీధికెక్కిన రోజుల్లో ఒక నల్లజాతి మహిళా శిల్పి చెక్కిన తన తల్లి ముఖం అది. శిల్పి రాతపుస్తకాల నకళ్ళూ వెంట వచ్చాయి. కళ్ళ చోట రాయిని ఉలి తాకనేలేదు. 'అసంపూర్తి' అని రాసేసి సంతకాల కోసం వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి బొమ్మ కళ్ళకి తెల్ల గుడ్డ! కట్టింది నర్సయ్య. జగిత్యాల వైపు మనిషి, మా దగ్గర పెట్టెలు దించేవాడు. చేతులకి గ్లవ్స్ కూడా లేవు.

"ఏం పనయ్యా ఇది! ఉత్త చేతులు తగిలితే ఉద్యోగం ఊడుతుందని తెలీదూ?"

"కండ్లు తెరవని బొమ్మ గద సార్. గంతలు గట్టకుంట నిలబెడ్తరా? మా తాత విగ్రహాలు చెక్కేటోడు. కండ్లు ఆఖరికే తెరుస్తుండె."

"ఇది దేవుడి బొమ్మ కాదు. పూర్తి చేయలేదు, అంతే."

నర్సయ్య రాయిని తేరిపార చూశాడు. "గీ చెవి సూడున్రి, ఎంత మంచిగ చెక్కిన్రో. గింత పనిమంతులు కండ్ల కాడ అలసిపోలే సార్. అలిగిన్రు."

క్యురేటర్ మేడమ్ అంతా కెమెరాలో చూసింది. "రిపోర్టులో రాయి. ఇతన్ని ఇంటికి పంపించేద్దాం" అంది. రాయకపోతే అబద్ధం, రాస్తే ఒకడి నోటికాడ కూడు పోతుంది. ఏం తోచక శిల్పి రాతలు తిరగేశాను. తల్లి ఓటు నమోదుకి వెళ్తే గుమ్మంలోంచే వెనక్కి పంపేశారట. ఆమెని మనిషిగా చూసేదాకా ఈ కళ్ళు తెరవనని రాసుకుంది. చదివి సిగ్గుపడ్డాను.

'అసంపూర్తి' కొట్టేసి, జరిగిందంతా రాశాను, 'అలిగిన్రు' అన్న నర్సయ్య మాటతో సహా. మేడమ్ రెండుసార్లు చదివి, అతన్ని ఉంచింది.

ప్రదర్శన ప్రారంభం నాడు నర్సయ్య ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. జాబితాలో పేరు లేదని సెక్యూరిటీ అతను గుమ్మంలోనే ఆపేశాడు. "పోనీయున్రి సార్" అని నవ్వాడు నర్సయ్య.

ఆ రాతి తల తర్వాత, చేయని పనిని చేతకాని పని అని నేనెక్కడా రాయలేదు. ప్రారంభం నాడు మాత్రం పాస్ మెడలో ఉన్నా లోపలికి వెళ్ళకుండా నర్సయ్య పక్కనే నిలబడ్డాను. మేడమ్ ఫోన్ చేసింది.

"ఇంకా రాలేదేం? అలసిపోయావా?"

"లేదు మేడమ్" అన్నాను. మిగతా మాట ఆవిడ రిపోర్టులో చదివిందే.