మా హాల్లో పుట్టిన పార్టీ

మా అన్నయ్య రాజకీయ పార్టీ గల్ఫ్‌లో, అల్ నహ్దాలోని మా ఇంటి హాల్లోనే పుట్టింది. ఈ దేశంలో పార్టీ అనే మాట పైకి అనకూడదు కాబట్టి ప్రార్థన అనే అన్నాం.

2020లో అది నిజంగా ప్రార్థనే. కరోనా వల్ల బయటికి వెళ్లలేక, ఇళ్లల్లో పనిచేసే మా గోదావరి ఆడవాళ్లంతా ఫోన్‌లో చేరేవాళ్లు. అన్నయ్య మా హాల్లో కూర్చుని ఒక్కొక్కరి మనవి అడిగి, పేరుపేరునా ప్రార్థించేవాడు. మా ఆయనది జగిత్యాల, హిందువు. ఊళ్లో మా అత్తకు ఊపిరాడటం లేదంటే అన్నయ్య ఏడుస్తూ ప్రార్థించాడు. ఆమె కోలుకుంది. అప్పటినుంచి మా ఆయనకు బావంటే ప్రాణం.

కరోనా తగ్గాక అందరూ మా హాల్లోకే రాసాగారు. మనవులు మారాయి. ఊళ్లో మన సమాధుల స్థలం ఆక్రమించారన్నారు. న్యాయమే, ఆమేన్ అన్నాను. మన తరఫున అడగడానికి ఎమ్మెల్యే కావాలన్నారు. అదీ న్యాయమే. ఆ తర్వాత జెండా వచ్చింది. దేశమంతా క్రీస్తు చట్టమే నడవాలన్నారు. ఇది ప్రార్థనా, ఎన్నికల సభా అని గట్టిగానే అడిగాను.

"నువ్వెళ్లి టీ పెట్టమ్మా," అని అన్నయ్య నవ్వేశాడు.

ఆ రోజుల్లోనే అత్తకు మళ్లీ జబ్బు చేసింది.

"అమ్మకు పాణం మంచిగ లేదు బావా. జర ప్రార్థన చెయ్యి," అన్నారు మా ఆయన, అందరి మధ్యా.

"ముందు రక్షణ పొందినవాళ్ల మనవులండి బావగారూ. మీది తర్వాత చూద్దాం."

ఆ "తర్వాత" అనేది రానే లేదు. మా ఆయన తల వంచుకుని కూర్చుని, చివర్లో అందరితోపాటు ఆమేన్ అన్నారు. జనం వెళ్లాక అన్నయ్యను నిలదీశాను.

"ఆయన్ని బాప్తిస్మం తీసుకోమను. అన్నీ సర్దుకుంటాయి," అన్నాడు.

దాంతో ప్రార్థన మా ఇంటినుంచి పక్కనున్న అజ్మాన్‌లో ఇంకొకరింటికి మారిపోయింది. అత్త పోయింది. అన్నయ్య పలకరించడానికైనా రాలేదు. ఎన్నికల ముందు ఉద్యోగం వదిలేసి ఊరెళ్లి, పార్టీకి అధ్యక్షుడయ్యాడు.

ఒకరోజు ఎవరో అతని సభ వీడియో పంపారు. మా ఆయన ఫోన్‌లో పెట్టారు.

"మన ఆడపిల్లలు అన్యుల ఇళ్లల్లో పడి పాడైపోతున్నారు! నా సొంత చెల్లెలే అలా పోయింది!" అని అన్నయ్య మైకులో అరుస్తున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు.

నేను ఫోన్ లాక్కోబోయాను. మా ఆయన ఇవ్వలేదు. చివరిదాకా విన్నారు.

"బావ గొంతు బొంగురువోయింది," అన్నారు. "ఉడుకునీళ్లు తాగుమని చెప్పు."

ఎలా చెప్పను? అన్నయ్య నా ఫోన్ ఎత్తడం ఎప్పుడో మానేశాడు.