ఎడమచేతి గాటు ఉన్న తిమింగలం

మా సైన్సు సారు పోయారని ఆదివారం పొద్దున ఫోన్ వచ్చింది. నా మటన్ షాపు ముందు జనం బారులు తీరి ఉన్నారు. ఎడమచేతిలోని కత్తి మొద్దు మీద పెట్టి, "మా సారు పోయిన్రు, షాపు బంద్" అన్నాను. ఒక్కరూ కదల్లేదు. ముందున్న ఆటో డ్రైవర్ నవ్వాడు.

"నిరుడు నీ తోడల్లుడు పోయిండని గిట్లనే బంద్ వెట్టి కోదాడకు సినిమాకు పోలేదా? కిలో కొట్టు అన్నా, ఇంట్ల చుట్టాలున్నరు."

తప్పు అతనిది కాదు. సూర్యాపేటలో ఇరవై ఏళ్లుగా మటన్ కంటే అబద్ధాలే ఎక్కువ అమ్మినవాణ్ని. నా మొహం సరిగ్గా చూశాక అతను సంచి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సారుకు బాధేమీ తెలియలేదట. టీ తాగి, కుర్చీలో కునుకు తీసి, అలాగే వెళ్లిపోయారట. ఆ మాటకు ప్రాణం కుదుటపడింది. అంతలోనే ఆయనతో ఆడిన ఒక అబద్ధం గుర్తొచ్చింది. ఇక ఒప్పుకుందామన్నా ఆయన లేరు.

ఎనిమిదో తరగతి సగంలో నేను బడి మానేశాను. నాన్నతో చివ్వెంల వైపు గొర్రెల వెంట వెళ్లాల్సి వచ్చింది. ఎడమచేత్తో రాస్తే చెయ్యి వాచేలా కొట్టని సారు ఆ బడిలో ఈయన ఒక్కరే. నేను బడి మానినా ఆయన నన్ను మానలేదు. రిటైరయ్యాక ప్రతి ఆదివారం షాపుకు వచ్చేవారు. అరకిలో మటన్ పేరుకే, ఆయనకు కావలసినవి ఎముకలు. వాటిని ఉడకబెట్టి, ఎండబెట్టి, చుట్టుపక్కల ఊళ్ల బళ్లకు తీసుకెళ్లి చూపించేవారు. అసలు పిచ్చి మాత్రం తిమింగలాల మీద. సముద్రం ఎటువైపు ఉందో కూడా పట్టని మా ఊళ్లో!

ఒకసారి నేను బోటి కడుగుతుంటే అడిగారు. "గొర్రె పొట్టల ఎన్ని అరలుంటయిరా?"

"నాలుగు సార్."

"తిమింగలం పొట్ట గూడ అరలు అరలుగనే ఉంటది. మీ గొర్రెకు దూరపు చుట్టం."

"అయితే తోల్కరాండ్రి సార్, దాన్ని గూడ కొట్టి ఇస్త."

అందరికంటే ఎక్కువ ఆయనే నవ్వారు. ఎప్పుడో ఐదు కోట్ల ఏళ్ల కిందట నీటి ఒడ్డున నాలుగు కాళ్లతో తిరిగిన జీవాలు, తరాలు తరాలుగా లోపలికి దిగి తిమింగలాలయ్యాయట. ముందుకాళ్లు తెడ్లలా మారినా లోపల వేళ్ల ఎముకలు అలాగే ఉన్నాయట. చేప తోక పక్కలకు ఊగితే తిమింగలం తోక పైకీ కిందికీ ఊగుతుంది, గొర్రె ఉరికేటప్పుడు నడుం వంగినట్టే. డాల్ఫిన్ అయితే సగం మెదడును మేల్కొలిపి ఉంచి నిద్రపోతుందట. "నువ్వు బళ్లె గట్లనే ఉండేటోనివి" అన్నారు. ఎముకల సంచి అందుకుంటూ, "నీళ్లల్ల ఉన్నంత మాత్రాన అది చేప గాదు. బడి మానినంత మాత్రాన నువ్వు మొద్దువు గాదు" అన్నారు.

తిమింగలం గొర్రెకు చుట్టమని పట్టించింది చీలమండ ఎముకేనని ఆయనే చెప్పారు. రెండు కొసల్లోనూ బావి గిలకలా ఉండే ఆ చిన్న ఎముక, గొర్రె, ఆవు లాంటి చీలిన గిట్టల జీవాలకే ఉంటుందట. తొలినాటి తిమింగలాలకూ అదే దొరికిందట. అది విన్నాక నేను ఊరుకుంటానా? ఒక గొర్రె చీలమండ ఎముకను టీ డికాషన్‌లో ఉడకబెట్టి, వారం రోజులు మట్టిలో పాతిపెట్టి తీశాను.

"సార్, పాలకీడు కాడ మా బామ్మర్ది బాయిల పూడిక తీస్తుంటె ఎల్లింది. తిమింగలానిదేమో జర సూడుండ్రి."

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు తిప్పి చూశారు. "మంచిది దెచ్చినవురా" అని జేబులో వేసుకున్నారు.

వచ్చే ఆదివారం చెప్పేద్దామనుకున్నాను. ఆలోపే ఆత్మకూరు నుంచి వచ్చిన ఒకాయన, "మీ సారు మా పిల్లల బడికొచ్చి తిమింగలం బొక్క సూపెట్టిండంట" అన్నాడు. గుండెల్లో రాయి పడింది. నా ఆటలు షాపు దాటి పోవు, నవ్వుకుని మర్చిపోతారు. చదువుకున్నవాడెవడైనా పిల్లల ముందే సారును ఎగతాళి చేస్తే? మూడేళ్లు ప్రతి ఆదివారం ఆ మాట నోటిదాకా వచ్చింది. మటన్ తూచి ఇచ్చి ఊరుకున్నాను.

దినాల నాడు భోజనాలయ్యాక, సారు భార్య దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆమెను మేమంతా అమ్మా అనే పిలుస్తాం.

"అమ్మా, సారుకు నేను తిమింగలం బొక్కని ఇచ్చింది..."

"గొర్రెది. మాకెర్కలేదా బిడ్డా?"

లోపలికి వెళ్లి బిస్కెట్ డబ్బా తెచ్చింది. దూదిలో నా ఎముక. కింద సారు గుండ్రటి అక్షరాలు:

"గొర్రె చీలమండ. టీ వాసన ఇంకా పోలేదు. దాని మీది గాటు ఎడమచేతి కత్తిది, మావాడి పనే. పిల్లలకు ముందు తిమింగలమని చెప్పాలి. గాటు వాళ్లనే కనిపెట్టనివ్వాలి. ఆ తర్వాత నడిచే తిమింగలం ఎముక బొమ్మ పక్కన పెట్టి చూపాలి."

"పిలగాండ్లు గాటు పట్టుకున్న రోజు ఇంటికొచ్చి ఒకటే నవ్వుడు" అంది అమ్మ. "నీకు చెప్పొద్దన్నరు. వాడు ఎన్నొద్దులు ఓపుతడో సూస్త అన్నరు."

"అంటే మూడేండ్ల సంది నన్నే ఆడిచ్చిన్రా అమ్మా?"

పకపకా నవ్వేశాను. పందిరి కింద ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది, ఆమె భుజాలు కూడా కదులుతున్నాయి. మూడేళ్ల రాయి అక్కడే దిగిపోయింది.

మొన్న గొర్రెలు కొనడానికి మిర్యాలగూడ వైపు వెళ్లాను. బొచ్చు కత్తిరించే ముందు కడగాలని కాపరి మందను కాలువలోకి దింపాడు. గొర్రెలన్నీ తలలు పైకెత్తి, బుస్సుబుస్సుమని ఊపిరి వదులుతూ ఈదుతున్నాయి.

"ఏం జూస్తున్నవన్నా?" అన్నాడు కాపరి.

జేబులో అమ్మ ఇచ్చిన ఎముకను బొటనవేలితో తడుముతూ ఉండిపోయాను. మంద అంతా ఒడ్డెక్కి ఒళ్లు దులుపుకుంది. ఒక ముసలి గొర్రె మాత్రం ముక్కు ఒక్కటే పైన ఉంచి, ఎవరు పిలిచినా రాకుండా, నీళ్లలోనే హాయిగా నిలబడి ఉంది.