ఇనుపపళ్ళ శూచిన్ గొంతు

తియాన్‌జిన్ సంతలో నువ్వుల రొట్టెలమ్మే యెన్ శూచిన్‌ను జనం "ఇనుపపళ్ళు, రాగిపళ్ళు" అని పిలుస్తారు. మాటకారికి ఆ ఊళ్ళో అంతకు మించిన బిరుదు లేదు. ఆమె నోరు తెరిస్తే కొండమీంచి నది దూకినట్టే. ఒకసారి ఆమె కేకకు, స్టేషన్ లేని చోట రైలు ఆగిపోయింది. నమ్మనివాళ్ళు ఆ కేక విననివాళ్ళు.

ఆ పొద్దున ఎదురు కొట్టు మైకులోంచి ఆమె గొంతే వినిపించింది. "వేడి వేడి రొట్టెలూ! కరకరలాడే రొట్టెలూ!" కొట్టువాడు పాంగ్ దాన్ని దొంగచాటుగా ఫోనులో రికార్డు చేసి పెట్టుకున్నాడు. రోజూ ఆమె దగ్గర కొనేవాళ్ళంతా ఆ గొంతు విని అటే వెళ్ళారు. శూచిన్‌కు ఒళ్ళు మండిపోయింది.

"నలభై ఏళ్ళు అరిచి సంపాదించుకున్న గొంతురా ఇది! ఆపు!"

"గాల్లో మాట ఎవరిదైతేనేం అక్కా? నీ పేరేమైనా రాసుందా?" పాంగ్ ఇకిలించాడు.

"అయితే దాంతోనే తేల్చుకుంటా," అని ఆమె నడుం మీద చేతులేసుకుని మైకు ముందు నిలబడింది.

"వేడి వేడి రొట్టెలూ!" అంది మైకు.

"ఎప్పుడు కాల్చావే వీటిని? నిన్ననా, మొన్ననా?"

"కరకరలాడే రొట్టెలూ!"

"అడిగినదానికి చెప్పవే సిగ్గులేనిదానా! నాలుక నాది పెట్టుకుని బుర్ర వీడిది తెచ్చుకున్నావా?"

సంతంతా మూగి పొట్టలు పట్టుకుని నవ్వింది. శూచిన్ మాత్రం నవ్వలేదు. పాంగ్ మొహం మాడ్చుకుని మైకు తీగ పీకేశాడు. జనం ఆమె కొట్టుకు తిరిగొచ్చినా కోపం చల్లారలేదు. రొట్టెలు కాలుస్తూ మధ్యాహ్నం దాకా వాణ్ణి తిడుతూనే ఉంది. ఆ తిట్లలో ఒక్కటీ రెండోసారి రాలేదు.