ఏడో దారం

మా టైలరింగ్ షాపుకు బట్ట తేకుండా, కొలతలివ్వకుండా వచ్చే మనిషి ఒక్కతే ఉంది. వచ్చి కౌంటరు మీద మోచేతులు ఆనించి, "చెల్లీ, ఎర్రదారం ఒక రీలు" అంటుంది. ఆ మాట వినగానే ఆవిడ ఇల్లు మారుతోందని నాకు తెలిసిపోతుంది.

అందరూ తాళాలక్క అంటారు. ఊరెళ్ళినవాళ్ళ ఇళ్ళలో ఉండటమే ఆవిడ పని. ఒకరు నెల రోజులకు వెళ్తారు, ఒకరు ఆర్నెల్లకు. వాళ్ళు తిరిగొచ్చేదాకా ఇంట్లో దీపం వెలగాలి, మొక్కలకు నీళ్ళు అందాలి, మోటారు మూలపడకుండా రోజుకోసారి తిరగాలి. దానికి ప్రతిఫలం తలమీద కప్పు. అంతకుముందు ఇరవయ్యేళ్ళు ఒక ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికింది. ఉన్న అద్దె గది కూలగొట్టిన ఏడాది, ఆసుపత్రి హెడ్ నర్సు రెండు నెలలు సెలవు మీద వెళ్తూ తాళం చేతిలో పెట్టింది. అప్పటినుంచి తాళం వెనక తాళం. సొంతానికి ఒక సూట్‌కేసు, ఒక సంచి, ఒక దిండు. దిండు మాత్రం ఎవరిదీ వాడదు. "ఇల్లు అరువుదైనా ఫరవాలేదు చెల్లీ, నిద్ర మాత్రం నాదుండాలి" అనేది.

ఎర్రదారం సంగతి నేను చాలా ఏళ్ళు అడగలేదు. ఒక రోజు వాన పట్టుకుని కదలనివ్వకపోతే తనే చెప్పింది.

ఇల్లు అప్పజెప్పేవాళ్ళు గ్యాసు సంగతి చెబుతారట, పాలవాడి సంగతి చెబుతారట, పక్కింటి కుక్క సంగతి కూడా చెబుతారట. ఉప్పు సంగతి మాత్రం చెప్పరు. "ఉన్నవి వాడుకో" అనేసి బండెక్కుతారు. ఉన్నది రెండు వారాలకు వస్తుంది. తరవాత సబ్బెవరు తేవాలి, బల్బు పోతే ఎవరు వేయాలి, చీపురు అరిగితే ఎవరిది? అడిగితే చులకనైపోతానని ఆవిడ భయం. అందుకని తనకు తనే ఒక కట్టుబాటు పెట్టుకుంది. మొదటి రోజే ఇంటివాళ్ళ ప్రతి డబ్బా మీద, లోపల సరుకు ఎంతవరకు ఉందో అంతవరకు ఒక చిన్న పెన్ను చుక్క. వాడినా వాడకపోయినా వాళ్ళు తిరిగొచ్చేనాటికి సరుకు ఆ చుక్క దగ్గరే ఉండాలి. తను కొనుక్కున్నవి వేరే. ఇంట్లో ఖాళీగా పడున్న డబ్బాలు కడిగి, తన సరుకులు వాటిలో పోసుకుని, మూత చుట్టూ తడిపిన ఎర్రదారం మూడు చుట్లు తిప్పి ముడేస్తుంది. ఆరితే బిగుసుకుంటుంది. తను మాత్రం ఒక కొస పట్టుకుని లాగితే ఊడొస్తుంది. వెళ్ళే ముందు ఒక్కో డబ్బా ఖాళీ చేసి, కడిగి, దారం విప్పి జాకెట్టులో దోపుకుంటుంది. ఎన్ని ముడులు వేసిందో అన్ని దారాలు చేతికి రావాలి. వస్తే ఆ ఇంటితో రుణం తీరినట్టు.

"ఇంటివాళ్ళకి ఈ దారం సంగతి చెబుతావా అక్కా?" అని అడిగాను.

"చెబితే, మీరేం ఇచ్చి వెళ్ళలేదని దెప్పినట్టుండదూ?" అంది.

ఆ చెప్పకపోవడమే కిందటేడు ఆవిడ పీకల మీదికి తెచ్చింది.

అది రిటైరైన లెక్చరరమ్మగారిల్లు. కూతురి పురిటికని మూడు నెలలకు వెళ్ళి, ఏడు నెలలున్నారు. ఉన్నవి వాడుకోమన్న మాటకు ఏడో నెల వచ్చింది. ఇంతలో వంటింట్లో బొద్దింకలు దిగాయి. సింకు కింద, సొరుగుల్లో, చివరికి గడియారం వెనకాల కూడా. తాళాలక్క బోరిక్ పౌడరు కొని, పంచదార దంచి కలిపి, మూలమూలలా చల్లింది. "బొద్దింకలు ఇంటివి, మందు నాది" అని నవ్వింది నా దగ్గర. మిగిలిన పొడికి చెమ్మ తగలకూడదని గట్టి మూతున్న డబ్బా వెతికితే, అటక మీద ఖాళీ పాలపొడి డబ్బా దొరికింది. పైన నవ్వుతున్న పసిపాప బొమ్మ. అందులో పోసి, ఎర్రదారం కట్టి, సింకు కింద వెనక్కి నెట్టింది. దానితో ఆవిడ డబ్బాలు ఏడయ్యాయి: బియ్యం, పప్పు, ఉప్పు, పంచదార, టీపొడి, సబ్బుపొడి, మందు.

వాళ్ళు తిరిగొచ్చే రోజు, రెండింటికి వస్తామన్నవాళ్ళు మధ్యాహ్నం ఒంటిగంటకే దిగారు. తాళాలక్క అప్పటికి సింకు కింద కడుగుతోంది. అక్కడున్న సామానంతా గట్టు మీదికి ఎక్కించి ఉంది. బయట కారు తలుపు చప్పుడైంది. గబగబా గట్టు మీదున్నవన్నీ అందిన అరలో సర్దేసి, చేతులు తుడుచుకుంటూ వెళ్ళి తలుపు తీసింది.

లెక్చరరమ్మ, ఆవిడ భర్త సారు మాత్రమే వస్తారనుకుంది. ఆయన భుజం మీద రెండేళ్ళ పిల్ల నిద్రపోతోంది. పెద్ద మనవరాలట. కూతురికి చంటిదానితోనే సరిపోతోందని తీసుకొచ్చేశారు.

"ఇల్లు అద్దంలా ఉంచావే!" అంది లెక్చరరమ్మ చుట్టూ చూస్తూ. తరవాత భర్తవైపు తిరిగి, "పాలపొడి డబ్బా అక్కడే మర్చిపోయాం. ఇది లేచిందంటే ఇల్లు పీకి పందిరేస్తుంది" అంది.

"సందు చివర కొట్లో దొరుకుతుంది మేడమ్" అని చెప్పి, తాళాలు అప్పజెప్పి, సూట్‌కేసు, సంచి, దిండు పట్టుకుని తాళాలక్క బయటపడింది. ఆగడానికి వీల్లేదు. ఊరికి ఆ చివరనున్న పళ్ళ డాక్టరు సాయంత్రం నాలుగింటికి బయలుదేరుతున్నాడు. ఐదు నెలలకు ఇల్లు అప్పగిస్తానన్నాడు. రెండు రోజులు తోడబుట్టిన చెల్లెలింట్లో సర్దుకుని వస్తానన్నది కాస్తా, "ఈ రోజే వచ్చేయండి, నేను అనుకున్నదానికంటే ముందే వెళ్తున్నాను" అని పొద్దున ఆయనే ఫోను చేశాడు. ఆ తాళం తప్పితే ఆవిడకు పడుకోవడానికి చోటు లేదు. చెల్లెలి ఇల్లు ఒకటే గది, అందులో నలుగురు.

గంటసేపు చూస్తే గానీ బస్సు రాలేదు. సీటు దొరికాక, అలవాటుగా జాకెట్టులోంచి దారాలు తీసి ఒళ్ళో పరుచుకుంది. ఆరు.

చీరకుచ్చిళ్ళు దులిపింది. సంచి వెతికింది. కింద వంగి చూసింది. ఆరే. ఏ డబ్బా దారం ఎప్పుడు విప్పిందో ఒక్కొక్కటే మనసులో తిప్పుకుంటూ వచ్చింది. బియ్యం పొద్దున. పప్పు, ఉప్పు నిన్న. సబ్బుపొడి స్నానాలగది కడిగాక...

"మందు డబ్బా దారం విప్పనే లేదు చెల్లీ" అని చెప్పింది నాతో. "ఆ పాప బొమ్మ కళ్ళ ముందుకొచ్చింది."

లెక్చరరమ్మకు ఫోను కొట్టింది. స్విచ్చాఫ్. రాత్రంతా ప్రయాణం, చార్జింగు అయిపోయి ఉంటుంది. సారు నంబరు తన దగ్గర లేదు. దూరాన ఉన్న కూతురికి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే.

"ఆపు నాయనా, బస్సాపు!"

"ఇప్పుడేగా ఎక్కారు?" అన్నాడు కండక్టరు. "సీటు నచ్చలేదా అమ్మా?"

"నీ సీటు బంగారం, ముందు ఆపు!"

నడిరోడ్డు మీద దిగి ఆటో ఎక్కింది. ఎక్కుతూనే పళ్ళ డాక్టరుకు ఫోను చేసి చెప్పింది, కాస్త ఆలస్యమవుతుందని.

"నాలుగింటికి కారొస్తుందండీ" అన్నాడాయన. "మీరు రాకపోతే తాళం మా కాంపౌండరుకిచ్చి వెళ్ళిపోతాను. ఏమనుకోకండి."

అప్పటికి రెండున్నర దాటింది. రైల్వే గేటు పడింది. గూడ్సు బండి ఎంతకీ తెగదు. పిల్ల ఎప్పుడు పడుకుందో, ఎంతసేపు పడుకుంటుందో అని లెక్కలు కడుతూ ఆవిడ డ్రైవరు సీటు వెనక చువ్వ పట్టుకుని కూర్చుంది. "అమ్మా, అది విరిగితే ఖర్చు నాది" అన్నాడట ఆటో అతను.

మెట్ల దగ్గరే పిల్ల ఏడుపు వినిపించింది. ఏడుస్తోందంటే ఇంకా తాగలేదనుకోవాలా, తాగి ఏడుస్తోందనుకోవాలా? దిండొకటి చంకలో ఉండిపోయింది, మిగతా సామాను ఆటోలోనే వదిలేసి పైకి పరిగెత్తింది.

తలుపు దగ్గరగా వేసి ఉంది. నెట్టింది. వంటింటి గట్టు మీద గిన్నెలో నీళ్ళు కాగుతున్నాయి. కింద చతికిలబడి పిల్ల గొంతు చించుకుంటోంది. లెక్చరరమ్మ పాలపొడి డబ్బా చంకలో ఇరికించుకుని మూత చుట్టూ గోళ్ళతో గీకుతోంది.

"ఎవరు కట్టారో గానీ ఈ దారం! ఏవండీ, కత్తెర దొరికిందా లేదా?"

"ఇదిగో, దొరికింది" అంటూ పక్క గదిలోంచి సారు వస్తున్నారు.

"మేడమ్, తియ్యొద్దు! అది మందు!"

లెక్చరరమ్మ ఆగిపోయింది. తాళాలక్క వెళ్ళి ఆవిడ చంకలోంచి డబ్బా లాక్కుంది. తాను అలా ఒకరి చేతిలోంచి వస్తువు లాక్కోవడం జీవితంలో అదొక్కసారేనట.

"ఏం మందు?"

"బొద్దింకలకి. బోరిక్ పౌడరు. పంచదార కలిపాను."

సారు స్టవ్ కట్టేశారు. తరవాత లెక్చరరమ్మ గొంతు లేచింది.

"పాలడబ్బాలో విషం పెడతావా? నా వంటింట్లో! నువ్వు టీకి కొనుక్కున్న పాలపొడి వదిలేసి వెళ్ళావు కాబోలు, దేవుడే అందించాడనుకున్నాను. ఒక్క నిమిషం... ఆ కత్తెర ఒక్క నిమిషం ముందు దొరికుంటే?"

"తప్పు నాదే మేడమ్" అంది తాళాలక్క. సారు చెప్పులేసుకుని, "ముందు నేను కొట్టుకెళ్ళి పాలపొడి తెస్తాను" అని దిగిపోయారు.

"ఇంకా ఏమేం దాచావు?" అంది లెక్చరరమ్మ. "ప్రతి డబ్బా నా ముందు తెరువు. వాసన చూసి చెప్పు."

గోడ గడియారం మూడూ నలభై చూపిస్తోంది. ఒక్క అబద్ధం చాలు, ఆటోలో పడి వెళ్ళిపోవచ్చు. ఆవిడ మొదటి డబ్బా దించింది.

ఉప్పు తెరిచి నాలిక మీద వేసుకుంది. పంచదార వేసుకుంది. పిండి, పసుపు, సోడా. ప్రతిదీ ముందు తన నోట్లో, తరవాత ఆవిడ ముక్కు దగ్గర. పది, పన్నెండు, ఇరవై డబ్బాలు. సారు తెచ్చిన పాలు తాగి పిల్ల చప్పుడాపేసింది. గడియారం నాలుగు దాటింది. తాళాలక్క అటు చూడటం మానేసింది.

పప్పు డబ్బా దగ్గర లెక్చరరమ్మ చెయ్యి ఆగింది.

"ఈ చుక్కేంటి? దానికీ ఉంది. దీనికీ ఉంది."

"మీరు వెళ్ళిన రోజు అంతవరకు ఉంది మేడమ్."

"ఇప్పుడూ అంతే ఉందిగా?"

"అంతే ఉండాలి కదా."

"మరి ఈ ఏడు నెలలూ నువ్వేం తిన్నావు?"

"నావి నేను తెచ్చుకున్నాను. ఎర్రదారం కట్టినవి నావి."

"ఒక్క ఫోను చేస్తే డబ్బు పంపనా? ఉన్నవి వాడుకోమని చెప్పాను కదా!"

"ఉన్నవి చెప్పారు మేడమ్. అయిపోయాక సంగతి చెప్పలేదు. నేనూ అడగలేదు."

లెక్చరరమ్మ క్షమించాననీ అనలేదు, మళ్ళీ రమ్మనీ అనలేదు. మందు డబ్బాను రెండు సంచుల్లో చుట్టి ఇచ్చి, "దీన్ని నువ్వే తీసుకెళ్ళు" అంది. తలుపు వేసే ముందు మాత్రం, "కాసిని మంచినీళ్ళు తాగి వెళ్ళు, నోరంతా ఉప్పయి ఉంటుంది" అని గ్లాసు అందించింది.

కింద ఆటో అతను సామానుతో కూర్చునే ఉన్నాడు. ఫోనులో డాక్టరువి మూడు మిస్డ్ కాల్స్. ఆవిడ తిరిగి చేసింది. బస్సు పాడైందని చెబితే సరిపోయేది.

"పాత ఇంట్లో బొద్దింకల మందు మర్చిపోయానండీ. పసిపిల్లుంది. తీసేయడానికి వెళ్ళాను."

అవతల కారు హారను వినిపించింది. "మందు మర్చిపోయారా?" అన్నాడాయన. "తాళం కాంపౌండరుకి ఇచ్చేశానండీ" అని పెట్టేశాడు.

చెల్లెలింట్లో పదకొండు రోజులు దిండు గోడకానించి కూర్చునే నిద్రపోయింది. పొద్దున్నే ఇల్లు వదిలి, పగలంతా మా షాపులో బొత్తాలు కుట్టి పెట్టేది. డబ్బులిస్తానంటే, "నీ టీ తాగుతున్నాను కదా" అనేది. దారం మాత్రం అడగలేదు. ఆవిడ అడగనన్నాళ్ళూ నాకూ ఇల్లు సంగతి అడగాలనిపించలేదు.

పన్నెండో రోజు బొత్తాం కుడుతుండగా ఫోను మోగింది. స్పీకరు మీద పెట్టింది, చేతిలో సూది ఉంది మరి.

"నేనండీ, పళ్ళ డాక్టర్ని. మీకు ఇల్లు దొరికిందా?"

"లేదండీ."

"మా కాంపౌండరు వెళ్ళిపోతానంటున్నాడు. ఫినాయిలు అయిపోయిందట, బల్బు పోయిందట. అవి తనెందుకు కొనాలని నామీదే ఎగురుతున్నాడు. మీరొస్తారా? ఆ రోజు మీరు అబద్ధం చెప్పగలిగీ చెప్పలేదు. ఇన్ని రోజులూ అదే తిరుగుతోంది నా బుర్రలో."

తాళాలక్క సూదిని బట్టకు గుచ్చి పక్కన పెట్టింది. వెంటనే సరే అంటుందనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే అంది కదా. నా వైపు చూసింది.

"వస్తానండీ. కానీ ముందొక మాట తేల్చుకుందాం. ఉప్పెవరిది?"

"ఉప్పా?" అన్నాడు డాక్టరు.

"ఉప్పేనండీ. అక్కణ్ణించి మొదలెట్టి, బొద్దింకల మందు దాకా వద్దాం. మీకు తీరికేనా?"